అది మైక్ టెస్టింగ్ కాదు

1997 వినాయక చవితికి తణుకు దగ్గర ఒక ఊళ్ళో మా ఆర్కెస్ట్రా ప్రోగ్రాం. రాత్రి తొమ్మిదిన్నరకి మొదలవ్వాలి, పది దాటింది. కీబోర్డు, ప్యాడ్స్, లీడ్ గిటార్, బేస్ గిటార్, నలుగురం స్టేజీ మీద దోమలు కొట్టుకుంటూ కూర్చున్నాం. పాడాల్సిన ఇద్దరూ రాజమండ్రి నుంచి బస్సులో రావాలి. సెల్‌ఫోన్లు లేని రోజులు, ఎక్కడున్నారో తెలీదు. కమిటీవాళ్ళు "మరికొద్ది సేపట్లో" అని మైకులో మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి చెప్పేసరికి జనం నవ్వారు. మా మాస్టారు కీబోర్డు మీంచి నా వైపు వంగి, "ఏదోటి వాయించండ్రా, స్టేజీ ఖాళీగా కనపడితే రాళ్ళేస్తారు" అన్నారు.

నాది బేస్ గిటార్. లావు తీగ మీద రెండు స్వరాలు పట్టుకుని తిప్పడం మొదలెట్టాను. ప్యాడ్స్ వాయించేవాణ్ణి అందరం బావా అనేవాళ్ళం. బావ నాలుగు ఆవృత్తాలు ఊరికే విని, ఐదోదానికి దిగాడు. మాస్టారు ఆర్గాన్ టోన్ పెట్టుకుని మధ్యమధ్యలో పొడిగా రెండు దెబ్బలు వేస్తున్నారు. ఇరవై నిమిషాలు అదే. పందిరి తాళ్ళ దగ్గర పిల్లలు గెంతడం మొదలెట్టారు. ఆ తర్వాత పదేళ్ళు వాయించానుగానీ ఆ ఇరవై నిమిషాలంత బాగా ఎప్పుడూ వాయించలేదు. సింగర్లు దిగారు. కమిటీ ప్రెసిడెంటుగారు మైకు అందుకుని, "ఇప్పటిదాకా మైక్ టెస్టింగ్ జరిగింది, ఇహ అసలు ప్రోగ్రాం" అన్నారు.

బావకి ఆ మాట ఇప్పటికీ గుర్తే. నాకైతే అప్పుడు తప్పుగా కూడా అనిపించలేదు. మన లెక్కలో పాడేవాళ్ళు వచ్చాకే కదా పాట.

పదిహేనేళ్ళ తర్వాత హైదరాబాదులో మా మేనల్లుడి కారులో పోతున్నాను. వాడు అమెరికా ర్యాపర్ జే-జీ పాట పెట్టాడు, 'రాక్ బాయ్స్'. ర్యాప్ నాకు పెద్దగా ఎక్కదు. కానీ కింద ట్రంపెట్టు, శాక్సొఫోను కలిసి ఒక వరస పలుకుతున్నాయి. ఊరేగింపులో దొర గుర్రమ్మీద వస్తున్నట్టుంది, ఆ దొరకి లోపల ఏదో దిగులున్నట్టూ ఉంది. "మాటలు వదిలెయ్‌రా, వెనకాల వాయిస్తున్నదెవరో చూడు" అన్నాను. వీళ్ళు పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసుకుంటారని తెలుసు. 1971, 72 ప్రాంతంలో ఎవరో పాపం, పేరు కూడా మిగలని బ్యాండు అయ్యుంటుంది అనుకున్నాను. వాడు ఫోన్లో వెతికి చెప్పాడు: "మెనహన్ స్ట్రీట్ బ్యాండ్ అట మావయ్యా. న్యూయార్కు. అది పాతదేం కాదు, జే-జీ పాట వచ్చింది 2007లో, దానికి కాస్త ముందు చేశారంతే."

మోసపోయినట్టు అనిపించింది. తాతలనాటి ఇత్తడి బిందె అని ముచ్చటపడి కొన్నాక, పోయిన నెల పోతపోసిందని తెలిస్తే ఎలా ఉంటుంది?

ఈ వ్యాసం ఆ అనుమానం గురించే. పాతకాలం చప్పుడుని కావాలని కొత్తగా తయారు చేయడం నిజాయతీయేనా? కాదని వాదించేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి నా దగ్గర జవాబుంది, కాకపోతే అది బేస్ గిటార్ వాయించేవాడి జవాబు. వినేవాడి జవాబు వేరేగా ఉండొచ్చు.

ముందు బ్యాండు సంగతి. బ్రూక్లిన్‌లో బుష్‌విక్ అనే పేట, ఆ పేటలో మెనహన్ అనే వీధి. థామస్ బ్రెనెక్ అనే గిటారిస్టు అక్కడ ఒక ఫ్లాట్‌లో ఉండేవాడు. పడగ్గదిలో టేపు మిషను పెట్టుకుని స్నేహితుల్ని పిలిచి రికార్డు చేశాడు. ట్రంపెట్టు డేవ్ గై, శాక్సొఫోను, ఆర్గాన్ లియాన్ మిచెల్స్, బేస్ నిక్ మోవ్‌షాన్, డ్రమ్స్ హోమర్ స్టైన్‌వైస్. వీధి పేరే బ్యాండుకి పెట్టేశారు. పాడేవాళ్ళు లేరు, వాయించేవాళ్ళే. జే-జీ కోసుకున్నది వీళ్ళ 'మేక్ ద రోడ్ బై వాకింగ్'ని. మొదట చిన్న రికార్డుగా వచ్చిన దాని పేరుతోనే 2008లో మొదటి ఆల్బం వచ్చింది. 2012లో 'ద క్రాసింగ్', 2021లో 'ది ఎక్సైటింగ్ సౌండ్స్ ఆఫ్ మెనహన్ స్ట్రీట్ బ్యాండ్'. పదమూడేళ్ళలో మూడంటే మూడు ఆల్బంలు. బద్ధకం వల్ల కాదు, అందరూ వేరే చోట్ల పనిలో ఉండేవాళ్ళు. షారన్ జోన్స్ అనే గాయని వెనక వాయించే డాప్-కింగ్స్‌లో కొందరు, స్టాటెన్ ఐలాండ్ వాళ్ళ బూడోస్ బ్యాండులో కొందరు. ఎమీ వైన్‌హౌస్ అనే ఇంగ్లండు గాయని 2006 ఆల్బం 'బ్యాక్ టు బ్లాక్'లో కొన్ని పాటలకి వాయించినవాళ్ళలో వీళ్ళున్నారు. 2008లో ఆ అమ్మాయికి ఒకే రాత్రి ఐదు గ్రామీ అవార్డులు వచ్చాయి. ఆ పాటల్లో డ్రమ్స్ విని ఊగినవాళ్ళలో స్టైన్‌వైస్ పేరు ఎంతమందికి తెలుసో మీరే ఊహించుకోండి.

అంటే వీళ్ళు పక్కవాద్యగాళ్ళు. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా వదులైపోతుంది, నా మటుకు.

ఇక వీళ్ళు వాయించే ఫంక్ గురించి. ఈ మాట వినగానే మెరుపుల చొక్కాలు, గంటపాంట్లు గుర్తొస్తాయి చాలామందికి. అసలు విషయం తాళంలో ఉంది. 1960ల నడుమ అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండు తాళంలో మొదటి దెబ్బకి బరువు మార్చింది. అప్పటిదాకా అమెరికా డాన్సు సంగీతంలో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద చప్పట్లు. బ్రౌన్ "ఒకటి" మీద అందరూ కలిసి పడాలన్నాడు. అక్కడ కలిశాక, మళ్ళీ "ఒకటి" వచ్చేలోపు ఎవరి దారి వాళ్ళది. గిటారు తీగల్ని వేళ్ళతో నొక్కిపట్టి చిడతల్లా కొట్టడం, ట్రంపెట్లు మద్దెలలా పొడవడం, అన్నీ డప్పులే అయిపోతాయి. బేస్‌కి ఇందులో పెద్ద పని ఉంది. ఎక్కడ ఆగాలో తెలియాలి. మా ఆర్కెస్ట్రాలో నేను నేర్చుకున్నది ఖాళీలన్నీ నింపెయ్యడం. మోవ్‌షాన్ వాయించింది విన్నాక, చెయ్యి తీగ మీద పెట్టి చప్పుడు చంపెయ్యడం కూడా వాయించడమేనని ఎవరైనా నాకు ముందే చెప్పుంటే బాగుండేదనిపించింది.

ఇక ఆ పాత చప్పుడు. అది కంప్యూటర్లో ఏదో బటన్ నొక్కితే వచ్చిన రంగు అనుకున్నాను మొదట. అలాంటివీ ఉన్నాయి, టేపు గరగర కూడా అమ్ముతారు. వీళ్ళ దారి వేరు. వీళ్ళంతా తిరిగిన డాప్‌టోన్ స్టూడియో బుష్‌విక్‌లోనే, ట్రౌట్‌మన్ వీధిలో ఒక పాత ఇంట్లో ఉండేది. గేబ్రియల్ రాత్, నీల్ షుగర్‌మన్ అనే ఇద్దరు పెట్టిన కంపెనీ. గోడలు, వైరింగు అన్నీ వాయించేవాళ్ళు చేతులతో చేసుకున్నారు. రికార్డింగు ఎనిమిది ట్రాకుల టేపు మీద, అంటే చప్పుళ్ళని విడివిడిగా పట్టుకోడానికి ఎనిమిది దారులే.

ఎనిమిది అంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే దీని కష్టం తెలీదు. ఇవాళ ఫోనులో కూడా వంద ట్రాకులు పెట్టుకోవచ్చు. డ్రమ్స్‌కే పదిహేను మైకులు పెట్టి, ఒక్కోదాన్ని తర్వాత తీరిగ్గా సర్దుకోవచ్చు. ఎనిమిదే ఉంటే డ్రమ్స్‌కి ఒకటో రెండో దక్కుతాయి. ఆ ఒక్క మైకు ఎక్కడ పెట్టాలా అని ముందే తలబద్దలు కొట్టుకోవాలి. డ్రమ్ము మరీ మోగుతుంటే దాని మీద గుడ్డ పరుస్తారు. బావ కూడా పాత రోజుల్లో స్నేర్ డ్రమ్ము మీద రుమాలు కట్టేవాడు, పాపం వాడికి ఏ డాప్‌టోనూ తెలీదు. ట్రాకులు చాలకపోతే నాలుగైదింటిని కలిపి ఒకదాన్లోకి దింపాలి. ఒకసారి దింపాక అందులో ఆర్గాన్ ఎక్కువైందని ఏడ్చినా వెనక్కి రాదు, అన్నం వార్చాక గంజి మళ్ళీ పొయ్యనట్టే. అందరూ ఒకే గదిలో వాయిస్తే ఒకరి మైకులో ఇంకొకరి చప్పుడు దూరుతుంది. ఆఖర్లో ట్రంపెట్టు తడబడితే ఒక్క ట్రంపెట్టునే మార్చడం కుదరదు, డ్రమ్స్ మైకులో కూడా ఆ తప్పు పడింది. మొదట్నించీ అందరూ మళ్ళీ వాయించాలి.

ఈ చప్పుడు పాతదిగా ఎందుకు వినిపిస్తుందంటే, కారణం ఇదే. పాతకాలంవాళ్ళకి ఉన్న ఇబ్బందులు వీళ్ళు కావాలని నెత్తిన పెట్టుకున్నారు. ఇబ్బంది ఉన్నచోట మనిషి ముందే నిర్ణయం తీసుకుంటాడు. ఐదుగురూ ఒకరినొకరు వింటూ వాయిస్తారు, వేరే గతి లేదు కాబట్టి. తప్పు చేస్తే నలుగురి పని పాడవుతుందన్న టెన్షన్ ఉంటుంది, ఆ టెన్షన్ కూడా టేపు మీద పడుతుంది. రోటి పచ్చడి చేసేవాణ్ణి నీకు మిక్సీ తెలీదా అని అడగరు కదా. రుచి కోసం రోలు వాడతాడు, తాతగారి మీద ప్రేమతో కాదు.

అయితే అవతలివాళ్ళ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. దానికి మొదటి సాక్ష్యం రాత్ తనే ఇచ్చాడు. డాప్‌టోన్ కంటే ముందు, 1990ల్లో, ఫిలిప్ లేమన్ అనే అతనితో కలిసి డెస్కో అనే కంపెనీ నడిపాడు. వాళ్ళ తొలి రికార్డుల్లో ఒకదాన్ని 1970ల నాటి ఏదో కుంగ్‌ఫూ సినిమా సంగీతం అని చెప్పి అమ్మారు. అలాంటి సినిమా లేనే లేదు. పాత రికార్డులు ఏరుకునే పిచ్చివాళ్ళు కొత్త బ్యాండంటే మొహం తిప్పుకునేవాళ్ళు కాబట్టి అలా చేశారంటారు. చాలామంది ఈ కథ నవ్వుతూ చెబుతారు. నాకు నవ్వు రాదు. అది అబద్ధమే. నేను ఆ రోజు కారులో పడ్డ మోసం నా అజ్ఞానం వల్ల పడ్డది, ఎవరూ నన్ను మోసం చెయ్యలేదు. డెస్కో మాత్రం తేదీ దిద్దింది. పాత చప్పుడు తెచ్చుకోవడం ఒకటి, పాత తేదీ వేసుకోవడం ఇంకొకటి. మెనహన్ వాళ్ళు రెండోది చెయ్యలేదు. వాళ్ళ రికార్డు మీద వాళ్ళ వీధి పేరుంది, అది ఏ ఏడాది వచ్చిందో కూడా ఉంది.

తమాషా ఏంటంటే, ఆ తేదీని పట్టించుకోనిది అసలు గిరాకీదారులే. జే-జీ ఆ ఆల్బం, 'అమెరికన్ గ్యాంగ్‌స్టర్', అదే ఏడాది వచ్చిన అదే పేరు సినిమా చూసిన ఊపులో చేశాడు. సినిమా కథ 1970ల నాటిది, న్యూయార్కులో హార్లెం పేటది. ఆ కాలం వాసన కావాలంటే ఆ కాలపు రికార్డులు బోలెడున్నాయి, ఏరుకోవచ్చు. వాళ్ళ చేతికి చిక్కింది మాత్రం పక్క పేటలో నిన్నో మొన్నో పడగ్గదిలో చేసిన రికార్డు. పాతదానితో సమానంగా ఉందని తీసుకోలేదు, పనికొచ్చింది కాబట్టి తీసుకున్నారు. ఆ ఏడాది పాటల్లో 'రాక్ బాయ్స్'కి రోలింగ్ స్టోన్ పత్రిక మొదటి స్థానం ఇచ్చింది.

ఇక్కడ డబ్బు సంగతి మాట్లాడక తప్పదు. నిజానికి నేను ఈ వ్యాసం మొదలెట్టింది ఇందుకే.

క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అని జేమ్స్ బ్రౌన్ దగ్గర డ్రమ్మర్ ఉండేవాడు. 1969లో 'ఫంకీ డ్రమ్మర్' అనే పాటలో మిగతావాళ్ళంతా ఆగితే ఈయన ఒక్కడే సుమారు 20 సెకన్లు వాయించాడు. తర్వాతి రోజుల్లో ర్యాప్ వాళ్ళు ఆ 20 సెకన్లు కోసుకుని వందల పాటల కింద పరిచారు. పాట బ్రౌన్ పేరు మీద ఉంది. స్టబుల్‌ఫీల్డ్ 2017లో పోయాడు, ఆ దెబ్బలకి రాయల్టీ రూపంలో ఆయనకి దక్కింది లేదనే చెప్పాలి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ మా బేస్ వాళ్ళందరికీ దేవుడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. ఆయనా, ఆయన తోటివాళ్ళూ ఎన్ని హిట్లకి వాయించినా, మోటౌన్ ఆల్బం అట్టమీద వాళ్ళ పేర్లు పడటానికి 1971 దాకా ఆగాల్సొచ్చింది, గాయకుడు మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' దాకా. 1983లో ఆ కంపెనీ పాతికేళ్ళ పండుగ చేసుకుంటే జేమర్‌సన్ టికెట్టు కొనుక్కుని బాల్కనీలో కూర్చుని చూశాడంటారు. ఆ ఏడాదే పోయాడు.

మనకీ ఇది కొత్త కాదు. ఇళయరాజా పాటల్లో బేస్ వాయించిన శశిధరన్, డ్రమ్స్ వాయించిన పురుషోత్తమన్ పేర్లు నేను ఏ క్యాసెట్టు అట్టమీదా చూసి తెలుసుకోలేదు. ఆ బిట్లు రాత్రంతా క్యాసెట్టు వెనక్కి తిప్పి తిప్పి నేర్చుకునేవాళ్ళం, వాయించిందెవరో తెలీకుండానే. ఇంటర్నెట్టు వచ్చాక తెలిసింది.

అందుకే మాటల్లేని రికార్డు నాకు వేరేలా కనపడుతుంది. పక్కవాద్యగాడు తన పొలానికి తన పేరు మీద పట్టా రాయించుకోవడం అది. 'రాక్ బాయ్స్' రాసినవాళ్ళ జాబితాలో బ్రెనెక్ పేరుంది. 'ఫంకీ డ్రమ్మర్'కి స్టబుల్‌ఫీల్డ్ పేరు అలా పడలేదు. ఈ తేడాని "నాస్టాల్జియా" అని కొట్టిపారేసేవాళ్ళు ఎప్పుడూ ఒకరి వెనకాల నిలబడి వాయించి ఉండరు.

ఇలా సింగర్ లేని ఖాళీలోంచి రికార్డు పుట్టడం ముందూ జరిగింది. 1962లో మెంఫిస్‌లో, స్టాక్స్ కంపెనీ స్టూడియోలో, ఒక గాయకుడికి వాయించడానికి వచ్చినవాళ్ళు పని అయిపోయాక ఊరికే కూర్చుని ఏదో వాయించుకుంటున్నారు. కంపెనీ ఆయన జిమ్ స్టీవర్ట్ టేపు ఆన్ చేశాడు. రికార్డు రెండో వైపుకి ఏదోటి కావాలి కదా అని ఇంకోటి వాయించారు. ఆ "ఏదోటి" 'గ్రీన్ ఆనియన్స్'. ఆర్గాన్ వాయించిన బుకర్ టీ జోన్స్ వయసు అప్పుడు 17. బ్యాండుకి బుకర్ టీ అండ్ ది ఎంజీస్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళే ఓటిస్ రెడింగ్ లాంటి గాయకులకి పక్కవాద్యం. నాకు ఈ కథ ఎందుకు నచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. తణుకులో మాకు స్టీవర్ట్ లేడు, ప్రెసిడెంటుగారున్నారు.

మనవాళ్ళు మాటల్లేని సంగీతం వినరని ఒక మాట ఉంది. పెళ్ళిలో సన్నాయి వినమా, ఊరేగింపులో బ్యాండుమేళం క్లారినెట్టు వినమా అని ఎదురడగొచ్చు. వింటాం, కానీ లోపల మాటలు పాడుకుంటూ వింటాం. కచేరీలో వైణికులు కూడా త్యాగరాజ కీర్తన వాయిస్తే సాహిత్యంలో అక్షరం పడ్డచోట మీటు వేస్తారు. తీగ మాట్లాడుతోందని మెచ్చుకుంటాం. మాట ఎప్పుడూ లేని సంగీతం, మాట కోసం ఎదురుచూడని సంగీతం మనకి తక్కువ. ప్రెసిడెంటుగారి మీద నాకు కోపం లేనిది ఇందుకే, ఆయన చెవి అలా తయారైంది. నా చెవీ అలాగే తయారైంది, పదిహేనేళ్ళు పట్టింది సర్దుకోడానికి.

మెనహన్ వాళ్ళకీ మాట కావాల్సొచ్చింది ఒకచోట. చార్లెస్ బ్రాడ్లీ సంగతి అది. 1948లో ఫ్లోరిడాలో పుట్టి, బ్రూక్లిన్‌లో పెరిగి, ఏళ్ళ తరబడి వంటవాడిగా ఊళ్ళు తిరిగి, రాత్రిళ్ళు జేమ్స్ బ్రౌన్ వేషం కట్టి క్లబ్బుల్లో పాడేవాడు. బ్లాక్ వెల్వెట్ అని పేరు పెట్టుకుని, విగ్గు పెట్టుకుని. మన దగ్గర స్టేజీల మీద డూపు హీరోలు ఉంటారు చూడండి, అలా. రాత్ కంట్లో పడి బ్రెనెక్ దగ్గరికి చేరాడు. బ్రెనెక్ వేషం తీసెయ్యమన్నాడు. బ్యాండు వాయించి పెట్టుకున్న ట్యూన్ల మీద బ్రాడ్లీ తన బతుకు పాడుకుంటూ పోయాడు. అన్నయ్యని ఇంట్లోవాడే కాల్చి చంపిన రోజు గురించి, పోలీసు బండ్లు, జనం, తల్లి ఏడుపు, అదంతా పాట అయింది. 2011లో మొదటి ఆల్బం వచ్చేసరికి ఆయనకి 62 ఏళ్ళు. 2017లో కేన్సరుతో పోయాడు. ఆరేళ్ళే. షారన్ జోన్స్‌ది కూడా దాదాపు అదే కథ. జైలు గార్డుగా, డబ్బు బండికి కాపలాగా పనిచేసి, పొట్టిదానివి, లావుదానివి, మరీ నలుపు, వయసు మీరింది అని ఒక రికార్డు కంపెనీ మనిషి చేత అనిపించుకుని, నలభై దాటాక మొదటి ఆల్బం తెచ్చింది. ఆమె 2016లో పోయింది.

ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. ఇది నల్లవాళ్ళ సంగీతం. డాప్‌టోన్ పెట్టిన ఇద్దరూ తెల్లవాళ్ళు. మెనహన్ బ్యాండులోనూ తెల్లవాళ్ళే ఎక్కువ. నల్లవాళ్ళు కట్టిన ఇంట్లో వీళ్ళు అద్దె వసూలు చేసుకుంటున్నారా? నాకు దీనికి తేలికైన జవాబు లేదు. బుకర్ టీ బ్యాండులో కూడా ఇద్దరు నల్లవాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు ఉండేవాళ్ళు, రంగును బట్టి కూర్చోబెట్టే ఊళ్ళో. కానీ స్టాక్స్ పెట్టినవాళ్ళు తెల్లవాళ్ళే. బ్రాడ్లీకీ, జోన్స్‌కీ ముందు తలుపు తీసింది వీళ్ళేనన్నది నిజం. ఆ తలుపు తాళంచెవి వీళ్ళ దగ్గరే ఎందుకుందన్నది కూడా అడగాల్సిందే. రెండూ నిజమే అయినప్పుడు ఒకదాన్ని వదిలెయ్యడం నాకు చేతకాదు.

బ్యాండుని నెత్తికెత్తుకున్నానని లోపాలు లేవనుకోకండి. 2021 ఆల్బంలో సగం ముక్కలు, సినిమా లేని సినిమా సంగీతంలా ఉంటాయి. గుమ్మం దాకా వచ్చి లోపలికి రాని చుట్టంలాగా, ఇంకాస్త కూర్చుంటే బాగుండనిపించేలోపు అయిపోతాయి. కాఫీ షాపుల్లో ఈ సంగీతం పెడుతున్నారంటే వాళ్ళని తప్పు పట్టలేను, కబుర్లకి అడ్డు రాని మర్యాద దానికి మరీ ఎక్కువైంది. 'మేక్ ద రోడ్ బై వాకింగ్' అలా కాదు, అది వస్తే మీరు మాట మధ్యలో ఆపాలి.

ఈ గుంపులో ఎటూ మొహమాటం లేకుండా వెళ్ళినవాడు మిచెల్స్. ఎల్ మిచెల్స్ అఫేర్ అని వేరే బ్యాండు పెట్టి, 2009లో వూ-టాంగ్ క్లాన్ ర్యాప్ పాటల్ని మాటల్లేకుండా వాయించాడు. ర్యాప్ వాళ్ళు పాత సోల్ (1960, 70ల నల్లవాళ్ళ పాటలు) రికార్డులు కోసుకుంటే, ఈయన ఆ కోతల్ని మళ్ళీ బ్యాండు చేత కుట్టించాడు. 2021లో 'యేతి సీజన్' అని ఇంకోటి. అందులో పియా మాలిక్ హిందీలో పాడుతుంది. పాత హిందీ సినిమా, టర్కీ పాటల వాసన, కింద బ్రూక్లిన్ డ్రమ్స్. నాకు అదే ఎక్కువ ఇష్టం. హ్యూస్టన్ నుంచి ఖ్రూంగ్‌బిన్ అనే ముగ్గురు వస్తారు, 1960ల, 70ల థాయ్ ఫంక్ విని పట్టుకున్న వరస వాళ్ళది. ఇప్పటి కుర్రాళ్ళకి ఈ దారి పరిచయమయ్యేది ఎక్కువగా వాళ్ళ ద్వారానే. బాగానే ఉంటారు, నాకు మాత్రం మరీ నిద్ర పుచ్చుతారు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బావ దగ్గరికి వెళ్ళాను. ప్యాడ్స్ మానేసి చాలా ఏళ్ళైంది. సౌండ్ సిస్టం, టెంట్ హౌస్ నడుపుతున్నాడు. ఆ సాయంత్రం ఏదో ఫంక్షనుకి కాలవ గట్టు పక్క ఖాళీ స్థలంలో బాక్సులు దింపిస్తున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టి 'మేక్ ద రోడ్ బై వాకింగ్' వినిపించాను. కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో ట్రాలీ రేకు మీద కొట్టుకుంటూ విన్నాడు. అర నిమిషం తర్వాత, "స్నేర్ కాస్త వెనక పడుతోంది, కావాలనే వేస్తున్నాడు" అన్నాడు. ఇంకాసేపటికి, "పాట ఎప్పుడొస్తది?" అన్నాడు. రాదన్నాను. అయిపోయేదాకా ఏం మాట్లాడలేదు. హెడ్‌ఫోన్స్ తీసి, "ఇది నా పెన్‌డ్రైవులో ఎక్కించు బావా" అన్నాడు. "కింద బేస్ ఇంత శుభ్రంగా ఉంది, పైన ట్రంపెట్టు. బాక్సులు ఎలా పలుకుతున్నాయో ఇట్టే తెలిసిపోద్ది. మైక్ టెస్టింగ్‌కి భలే ఉంటది."

నేను నవ్వలేక చచ్చాను. వాడికి ఎందుకో అర్థమయ్యి వాడూ నవ్వాడు. ఎక్కించి ఇచ్చాను. వైర్లు బిగించి ప్లే నొక్కాడు. ఇంకా జనం రాలేదు. కుర్చీలు దించే కుర్రాడొకడు ఆరేడు ఒకదానిమీద ఒకటి పేర్చి మోసుకొస్తూ, సరిగ్గా "ఒకటి" దగ్గర కింద దింపాడు. వాడికి తెలీదు. బావ నా వైపు చూసి, వాల్యూం కొంచెం పెంచాడు.